03/04 అంటే ఏ నెల? బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో తేదీలు తారుమారు కాకుండా చూసుకోవడం ఎలా

మీరు రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెల మొదట్లో బాగానే నడిచి, సరిగ్గా 13వ తారీఖు నుంచి "తేదీ తప్పు" అని ఎర్రర్లు ఇస్తోందా? 13న వచ్చిన ఎర్రర్‌తో నష్టమేమీ లేదు. 1 నుంచి 12 దాకా ఏ ఎర్రరూ రాలేదు చూడండి, టెన్షన్ పడాల్సింది దానికి. మీ సాఫ్ట్‌వేర్ నెలను ముందు, రోజును వెనక చదువుతోంది. 13/04 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి ఆగిపోయింది. 03/04 కొట్టినప్పుడు మాత్రం ఏప్రిల్ 3ను మార్చి 4గా చదువుకుని, గప్‌చుప్‌గా సేవ్ చేసేసింది. కస్టమర్ ఫోన్ చేసేసరికి దాదాపు రెండు వారాల బిల్లులు తప్పు నెలలో కూర్చుని ఉంటాయి.

హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు ఈ సమస్య రెండు వైపుల నుంచీ వస్తుంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో అమెరికా క్లయింట్‌కు పనిచేసే టీమ్‌కి నెల ముందుండే ఫైళ్లు వస్తాయి. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణంలో బిల్లు కొట్టే గుమస్తా రోజే ముందు కొడతాడు. ఆ దుకాణం అమెరికా నుంచి బాదం పప్పు దిగుమతి చేసుకుంటుంటే, సప్లయర్ ఇన్వాయిస్, లోకల్ బిల్లు రెండూ ఒకే డేటాబేస్‌లోకి చేరతాయి.

లెక్క చూడండి. రోజు 12 లోపు ఉండే తేదీలు ఏడాదికి 144. అందులో 1/1, 2/2 లాంటి 12 తేదీలు ఎటు నుంచి చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలకు రెండు అర్థాలున్నాయి. అంటే ఏడాదిలో మూడో వంతు కంటే ఎక్కువ. వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది 01/04. ఏప్రిల్ 1 మన ఆర్థిక సంవత్సరానికి మొదటి రోజు. దాన్ని జనవరి 4గా చదివితే బిల్లు ఏకంగా పోయిన ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. జీఎస్‌టీ రిటర్న్, అప్పుల ఏజింగ్ రిపోర్ట్ (ఎవరి బాకీ ఎన్ని రోజులుగా ఉందో చూపే లెక్క), స్టాక్ విలువ అన్నీ దాని వెంటే పోతాయి. 30 రోజుల అప్పు మీద నిన్న సరుకు తీసుకున్న పార్టీకి "మీరు రెండు నెలలుగా బాకీ" అని మెసేజ్ వెళితే ఆ వ్యాపారి ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

అందుకే ఈ మొత్తం పనిలో నేను పట్టుబట్టేది ఒక్కటే. తేదీ విషయంలో సాఫ్ట్‌వేర్ ఊహించకూడదు. ముందే తెలిసి ఉండాలి, లేదా అడగాలి.

మొదట: తేదీలు ఎక్కడెక్కడి నుంచి లోపలికి వస్తున్నాయో రాసుకోండి

కోడ్ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకోండి. స్క్రీన్ మీద టైప్ చేసేవి, ఎక్సెల్ లేదా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) ఇంపోర్ట్, టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవి, బ్యాంక్ స్టేట్‌మెంట్, వేరే సాఫ్ట్‌వేర్ ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లు నేరుగా డేటా ఇచ్చిపుచ్చుకునే దారి), వాట్సాప్‌లో వచ్చిన ఫైలును ఎవరో ఒకరు అప్‌లోడ్ చేసేవి. ఒక్కో దారి పక్కన రెండు విషయాలు రాయండి: అక్కడ తేదీ ఏ వరసలో ఉంటుంది, ఆ సంగతి మీకెలా తెలుసు. "అలాగే ఉంటుంది అనుకుంటా" అని రాయాల్సి వచ్చిన ప్రతి చోటా మీకు పని ఉంది.

కొన్నిటికి వరస ముందే ఖరారై ఉంటుంది. జీఎస్‌టీ ఇ-ఇన్వాయిస్ స్కీమాలో (ఏ గడిలో ఏది ఎలా రాయాలో చెప్పే నమూనా) తేదీ రోజు/నెల/సంవత్సరంగానే ఇవ్వాలి. టాలీ ఎక్స్‌ఎంఎల్‌లో 20240403 అని సంవత్సరం ముందు పెట్టి, మధ్యలో గీతలు లేకుండా రాస్తారు. ఇలాంటి చోట్ల ఆ ఒక్క ఫార్మాట్‌నే ఒప్పుకోండి, తేడా వస్తే తిప్పికొట్టండి.

స్క్రీన్ మీద: కొట్టనివ్వండి, కొట్టింది చదివి చూపించండి

క్యాలెండర్ బొమ్మ పెడితే చాలనుకుంటారు చాలామంది. రోజుకు వందల వోచర్లు ఎంట్రీ చేసే అకౌంటెంట్ మౌస్ పట్టుకుని నెలలు వెనక్కి తిప్పుతూ కూర్చోలేడు. అతనికి కీబోర్డే కావాలి. 3/4, 3.4, 3-4-24, 030424 ఏది కొట్టినా తీసుకోండి. సంవత్సరం కొట్టకపోతే ప్రస్తుతం తెరిచి ఉన్న ఆర్థిక సంవత్సరాన్ని బట్టి మీరే నింపండి. 2024-25 తెరిచి ఉన్నప్పుడు 3/4 అంటే 2024 ఏప్రిల్, 3/2 అంటే 2025 ఫిబ్రవరి.

అతను ట్యాబ్ నొక్కి పక్క గడిలోకి వెళ్లగానే, కొట్టిన అంకెలు తీసేసి ఆ గడిలోనే "3 ఏప్రిల్ 2024, బుధ" అని కనిపించాలి. నెల పేరు అక్షరాల్లో ఉండటమే ఇక్కడ ముఖ్యం. టాలీ వాడేవాళ్లకు ఇది అలవాటే, అక్కడ 1-4-24 కొడితే 1-ఏప్రిల్-24 అని మారుతుంది. వారం పేరు కూడా చేర్చమని నేను గట్టిగా చెబుతాను. ఏప్రిల్ 3 బుధవారం, మార్చి 4 సోమవారం. నిన్నటి బిల్లు ఎక్కిస్తున్న మనిషికి నిన్న ఏ వారమో తెలుసు, కాబట్టి తేడా చటుక్కున కంటికి తగులుతుంది.

గడి పక్కన "రోజు / నెల / సంవత్సరం" అని రాసిపెట్టండి. బ్యాంక్ చెక్కు మీద తేదీ గడుల కింద రోజుకు రెండు, నెలకు రెండు, సంవత్సరానికి నాలుగు అని అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి కదా, అందుకే చెక్కు మీద ఈ గొడవ రాదు.

వెబ్ అప్లికేషన్‌లో బ్రౌజర్ సొంత తేదీ గడి వాడుతుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. మీకు అందే విలువ ఎప్పుడూ 2024-04-03 రూపంలోనే ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. యూజర్‌కు కనిపించే వరస మాత్రం అతని బ్రౌజర్ భాషను బట్టి మారుతుంది. బ్రౌజర్ అమెరికా ఇంగ్లిష్‌లో ఉంటే గడిలో నెల ముందు కనిపిస్తుంది. గుమస్తా అలవాటుగా 03 కొట్టి తర్వాత 04 కొడితే మీకు మార్చి 4 వస్తుంది, అదీ పూర్తిగా సరైన ఫార్మాట్‌లో! కాబట్టి బ్రౌజర్ గడి వాడినా, కింద అక్షరాల్లో తేదీ చూపించడం మానకండి.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఉంటే

తెలుగు ఇంటర్‌ఫేస్ ఇస్తున్నారా? అయితే నెల పేర్లకు ఒక్కో స్పెల్లింగ్ పెట్టుకుంటే చాలదు. జులై, జూలై రెండూ రాస్తారు. ఆగస్టు, ఆగస్ట్, ఆగష్టు. సెప్టెంబర్, సెప్టెంబరు. ఏప్రిల్, ఏప్రియల్. అన్నీ ఒకే నెలకు వెళ్లేలా పట్టిక పెట్టుకోండి. పొల్లుతో ముగిసే "సెప్టెంబర్" లాంటి మాటల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనబడని జాయినర్ క్యారెక్టర్ ఒకటి వదిలేస్తాయి. పోల్చే ముందు దాన్ని తీసేయండి, లేకపోతే ఒకేలా కనిపించే రెండు మాటలు సరిపోలక తల పట్టుకుంటారు. తెలుగు అంకెలు ౩, ౪ వాడేవాళ్లు తక్కువే అయినా, పైథాన్ వాటిని అంకెలుగా గుర్తిస్తుంది, జావాస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (టెక్స్ట్‌లో నమూనా వెతికే పద్ధతి) అంకెలకు వాడే \d గుర్తు వాటిని పట్టుకోదు. ముందే మామూలు అంకెల్లోకి మార్చుకుంటే సరి.

ఫైలు ఇంపోర్ట్: వరసను ఫైలు మొత్తానికి తేల్చండి, ఒక్కో రో (అడ్డ లైను)కి కాదు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. 13/04 వస్తే రోజు ముందు, 03/04 వస్తే నెల ముందు అని ఒక్కో రోని విడిగా చదివే కోడ్ చాలా చోట్ల ఉంటుంది. దానివల్ల ఒకే కాలమ్‌లో రెండు పద్ధతులు కలిసిపోతాయి. ఆ తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇలా చేయండి. ముందు తేదీల కాలమ్ మొత్తం చదవండి, ఏదీ సేవ్ చేయొద్దు. మొదటి అంకె 12 దాటిన రోలు ఎన్ని, రెండో అంకె 12 దాటిన రోలు ఎన్ని లెక్కపెట్టండి. మొదటివి మాత్రమే ఉంటే రోజు ముందు. రెండోవి మాత్రమే ఉంటే నెల ముందు. రెండూ కనిపిస్తే అది రెండు చోట్ల నుంచి అతికించిన ఫైలు, ఇంపోర్ట్ ఆపేసి ఏ రోలు ఎటు ఉన్నాయో చూపించండి. రెండూ లేకపోతే యూజర్‌ను అడగాల్సిందే, వేరే దారి లేదు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "ఫార్మాట్ ఎంచుకోండి" అని లిస్టు పడేస్తే ఎవరైనా మొదటిదే నొక్కుతారు. బదులుగా అతని ఫైలులోని ఒక బిల్లునే చూపించండి: "బిల్లు నంబర్ 118 తేదీ 03/04/2024. ఈ బిల్లు ఏప్రిల్ 3 నాటిదా, మార్చి 4 నాటిదా?" ఈ ప్రశ్నకు దుకాణం యజమాని కూడా జవాబు చెప్పగలడు. నమూనాగా ఎంచుకునే రో రెండు అర్థాలున్నదై ఉండాలి. 25/04 చూపించి లాభం లేదు.

ఇంకో తేలికైన ఉపాయం ఏంటంటే, ఇంపోర్ట్ మొదలయ్యే ముందే "ఈ ఫైలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు?" అని అడగండి. ఏప్రిల్ నెల అమ్మకాలు అని చెబితే, ఏప్రిల్‌లో పడని ఏ తేదీ అయినా తప్పు చదవడమే. యూజర్ చెప్పిన వరసను ఆ ఫైలు పంపిన సప్లయర్ పేరు మీద దాచుకోండి. వచ్చే నెల అదే సప్లయర్ ఫైలు వేరే వరసలో వస్తే ఆపి చెప్పండి.

ఎక్సెల్ ముందే పాడుచేసిన ఫైలును గుర్తుపట్టడం

సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, ఆ కంప్యూటర్ విండోస్ రీజియన్ సెట్టింగ్ ప్రకారం తేదీలు చదువుతుంది. కొత్త ల్యాప్‌టాప్ కొని రీజియన్ అమెరికాలోనే వదిలేసినవాళ్లు చాలామంది. ఆ ల్యాప్‌టాప్‌లో మన ఏప్రిల్ ఫైలు తెరిస్తే ఏమవుతుందో చూడండి. 01/04 జనవరి 4 అవుతుంది, 02/04 ఫిబ్రవరి 4, 03/04 మార్చి 4, అలా 12/04 డిసెంబర్ 4 దాకా. 13/04 నుంచి 30/04 వరకు ఉన్నవి తేదీలుగా మారక ఉత్త టెక్స్ట్‌గా మిగులుతాయి. ఆ తర్వాత దాన్ని ఎక్సెల్ ఫైలుగా సేవ్ చేసి మీకు పంపిస్తారు.

దీనికి స్పష్టమైన ఆనవాళ్లున్నాయి. గడుల అలైన్‌మెంట్ మార్చకపోతే, నిజమైన తేదీలు కుడివైపుకు, టెక్స్ట్ ఎడమవైపుకు ఆనుకుని ఉంటాయి. తేదీలుగా మారినవన్నీ పన్నెండు నెలల్లోనూ 4వ తారీఖునే పడతాయి. ఏప్రిల్ నెల ఫైలు కదా, అందుకే 4. జూన్ ఫైలు అయితే అన్నీ 6వ తారీఖున పడతాయి. మీ ఇంపోర్ట్ కోడ్‌లో ఈ తనిఖీ పెట్టండి: ఒకే కాలమ్‌లో కొన్ని తేదీ టైపు, కొన్ని టెక్స్ట్ ఉండి, టెక్స్ట్‌లో మొదటి అంకెలన్నీ 12 పైన ఉంటే, ఫైలు ఎక్సెల్ చేతిలో దెబ్బతిన్నట్టే. అసలు ఫైలు మళ్లీ తెప్పించుకోవడం ఉత్తమం. దొరకదంటే తేదీ టైపు గడుల్లో రోజు, నెల అటూ ఇటూ మార్చి, టెక్స్ట్ గడులను రోజు ముందుగా చదవండి. రెండూ కలిపి ఒకే నెలలో పడితే బాగుపడ్డట్టు.

ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది, 1900 జనవరి 1 అంటే 1. పాత మ్యాక్ ఫైళ్లలో 1904 నుంచి లెక్క మొదలయ్యే పద్ధతి కూడా ఉంది. తేదీలన్నీ సరిగ్గా 1462 రోజుల తేడాతో కనిపిస్తే కారణం అదే.

చదివే లైబ్రరీని నమ్మకండి, ఫార్మాట్ మీరే చెప్పండి

దాదాపు ప్రతి భాషలోనూ "ఏదిచ్చినా నేను చూసుకుంటా" అనే తేదీ ఫంక్షన్ ఒకటి ఉంటుంది. బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో దాని జోలికి వెళ్లొద్దు. పైథాన్‌లో డేట్‌యుటిల్ లైబ్రరీ పార్సర్ (టెక్స్ట్‌ను తేదీగా చదివే కోడ్) 03/04ను మార్చి 4గా, 13/04ను ఏప్రిల్ 13గా చదువుతుంది, నోరెత్తదు. ఫార్మాట్ ఇచ్చి చదివించే స్ట్రప్‌టైమ్ వాడండి. డాట్‌నెట్‌లో ఉత్త పార్స్ ఆ మెషీన్ సెట్టింగ్ ప్రకారం చదువుతుంది. మీ ల్యాప్‌టాప్ ఇండియా సెట్టింగ్‌లో, క్లౌడ్ సర్వర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే మొదట్లో చెప్పిన 13వ తారీఖు కథ అక్కడే పుడుతుంది. పార్స్ ఎగ్జాక్ట్‌కు ఇన్‌వేరియంట్ కల్చర్ (ఏ దేశం సెట్టింగ్‌కూ లోబడనిది) ఇచ్చి వాడండి.

జావాలో పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ 31/02/2024 ఇస్తే మార్చి 2 అంటుంది. లేని తేదీని కూడా ఇలా సర్దేసే లీనియంట్ మోడ్ ఆపేయండి, లేదా కొత్త టైమ్ ప్యాకేజీకి మారండి. కొత్తదానిలో కూడా స్ట్రిక్ట్ అని చెప్పకపోతే ఫిబ్రవరి 31ని ఫిబ్రవరి 29కి దించి సరిపెడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత డేట్‌టైమ్ టైపు, భాష బ్రిటిష్ ఇంగ్లిష్‌గా ఉంటే 2024-04-03ను కూడా మార్చి 4గా చదువుతుంది. అక్కడ గీతలు లేని 20240403 సురక్షితం. అసలు క్వెరీలో తేదీని టెక్స్ట్‌గా అతికించకుండా పారామీటర్‌గా పంపితే ఈ బాధే ఉండదు.

రెండంకెల సంవత్సరం విషయంలో కూడా ఇంతే. 69 అని ఇస్తే పైథాన్ 1969 అంటుంది, మైఎస్‌క్యూఎల్ 2069 అంటుంది. పేరోల్‌లో పుట్టిన తేదీ, లోన్‌లో చివరి వాయిదా తేదీ అడిగేటప్పుడు నాలుగంకెలు తప్పనిసరి చేయండి. మామూలు బిల్లు తేదీకి రెండంకెలు తీసుకుని నాలుగుగా చూపిస్తే చాలు.

మెడికల్ షాపు సాఫ్ట్‌వేర్ చేస్తుంటే, ఎక్స్‌పైరీకి విడిగా నెల-సంవత్సరం గడి పెట్టండి. మందు స్ట్రిప్ మీద 08/27 అంటే 2027 ఆగస్టు, ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చని నిబంధన. దాన్ని మామూలు తేదీ గడిలో కొట్టిస్తే, అమెరికా సెట్టింగ్‌లో ఈ ఏడాది ఆగస్టు 27 అయి కూర్చుంటుంది.

దాచుకోవడం

డేటాబేస్‌లో తేదీ టైపు కాలమ్‌లోనే దాచండి, టెక్స్ట్‌గా వద్దు. ఫైళ్లలో, ఏపీఐల్లో అంతర్జాతీయ తేదీ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 ప్రకారం 2024-04-03. ఇది కాక, ఇంపోర్ట్ చేసిన ప్రతి రోకి యూజర్ ఇచ్చిన అసలు టెక్స్ట్‌ను, ఏ వరసలో చదివారో దాన్ని పక్క కాలమ్‌లో ఉంచండి. రేపు తప్పు బయటపడితే వెనక్కి తీసుకెళ్లేది ఆ రెండు కాలమ్‌లే.

బిల్లు తేదీకి గంటలు, టైమ్‌జోన్ తగిలించకండి. హైదరాబాద్‌లో ఏప్రిల్ 3 మొదలయ్యే అర్ధరాత్రి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఏప్రిల్ 2 సాయంత్రం 6:30. జావాస్క్రిప్ట్‌లో మన అర్ధరాత్రిని ఐఎస్‌ఓ స్ట్రింగ్‌గా మార్చి మొదటి పది అక్షరాలు కోసుకుంటే ఒక రోజు వెనక్కి పోతుంది. నెల మొదటి రోజు బిల్లు పోయిన నెలలో కనిపిస్తోందంటే ముందు ఇక్కడ వెతకండి.

పాత హైదరాబాద్ భూముల కాగితాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ అయితే ఫసలీ సంవత్సరాలు (భూమిశిస్తు లెక్కలకు వాడిన పాత సంవత్సరాలు) కూడా ఎదురవుతాయి. ఫసలీ 1358 అంటే 1948-49. దాన్ని బలవంతంగా ఇంగ్లిష్ తేదీ చేయకండి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు టెక్స్ట్‌గా ఉంచి, పక్కన సుమారు సంవత్సరం రాయండి.

చదివిన తేదీ నిజంగా కుదురుతుందా అని అడగండి

వరస సరిగ్గా చదివాక కూడా వ్యాపారం పరంగా ఒక తనిఖీ అవసరం. బిల్లు తేదీ రేపటిది అయి ఉండకూడదు. జీఎస్‌టీ 2017 జూలై 1న మొదలైంది. జీఎస్‌టీ బిల్లుకు 2017 జనవరి 7 అనే తేదీ కనిపిస్తే అది 01/07ను తిప్పి చదవడం తప్ప ఇంకోటి కాదు. నాకు అన్నిటికంటే నమ్మకమైనది బిల్లు నంబర్ల వరస: 117 ఏప్రిల్ 2న, 119 ఏప్రిల్ 3న ఉంటే 118 మార్చి 4న ఉండదు. ఇలాంటివి కనిపిస్తే సాఫ్ట్‌వేర్ తనంతట తాను సరిచేయొద్దు, పసుపు రంగులో చూపించి అడగాలి.

టెస్ట్ తేదీలు మార్చండి

మనవాళ్లు టెస్టింగ్‌కు అలవాటుగా కొట్టే తేదీలు 15/08, 26/01. రెండిట్లోనూ రోజు 12 దాటింది, కాబట్టి తిప్పి చదివితే వెంటనే ఎర్రర్ వస్తుంది. తారుమారై నోరుమూసుకునే రకం తప్పు వీటితో ఎప్పటికీ దొరకదు. తెలంగాణ ఆవిర్భావ దినం 02/06/2014 వాడండి, తప్పు చదివితే ఫిబ్రవరి 6 అవుతుంది. దానితోపాటు 01/04, 31/04, 29/02/2023, 04/13, అన్నీ 12 లోపే ఉన్న ఒక ఫైలు, రెండు వరసలు కలిసిన ఒక ఫైలు పెట్టుకోండి. ఇవే టెస్టులను మెషీన్ రీజియన్ అమెరికాకు మార్చి ఒకసారి, టైమ్‌జోన్ యూటీసీకి మార్చి ఒకసారి నడపండి.

ఇప్పటికే పాడైన డేటా ఉంటే

తప్పు ఎప్పుడు మొదలైందో రిలీజ్ తేదీని బట్టి తేల్చుకోండి. ఆ తర్వాత ఎక్కిన ఎంట్రీల్లో, ఎంట్రీ చేసిన సమయానికీ బిల్లు తేదీకీ మధ్య దూరం చూడండి. రోజు, నెల తిప్పితే ఆ దూరం నెలల నుంచి ఒకటి రెండు రోజులకు తగ్గిపోయేవి మీ అనుమానితులు. వాటిని ఒకే అప్‌డేట్ క్వెరీతో మార్చేయాలన్న తొందర సహజమే, కానీ వద్దు. వాటిలో కొన్ని బిల్లులు ఇప్పటికే జీఎస్‌టీఆర్-1లో (జీఎస్‌టీ అమ్మకాల రిటర్న్) వెళ్లి ఉండొచ్చు. మీరు మీ దగ్గర తేదీ మారిస్తే పోర్టల్‌లో ఉన్నదానికీ పుస్తకాల్లో ఉన్నదానికీ పొంతన కుదరదు. బిల్లు నంబర్, ఇప్పుడున్న తేదీ, ఉండాల్సిన తేదీ, రిటర్న్ వెళ్లిందా లేదా అనే నాలుగు కాలమ్‌లతో లిస్టు తీసి కస్టమర్‌కు, ఆయన సీఏకి ఇవ్వండి. రిటర్న్ వెళ్లనివి ఆయన సరే అన్నాక మార్చండి. వెళ్లినవాటికి తర్వాతి రిటర్న్‌లో సవరణ వేయాలా అన్నది సీఏ చెబుతారు, ఆయన చెప్పాకే ఆ రోలు ముట్టుకోండి.